"డీన్ అంటే చప్పట్లు కొట్టావుగా అక్కా!"

ఈసారి ఉత్తరం రాసింది ఒక అక్క. చాలా పెద్ద ఉత్తరం, గుర్తుపట్టే వివరాలు తీసేసి కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 27 ఏళ్లు, ఉద్యోగం చేస్తోంది. తమ్ముడికి 21, ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. ఇద్దరికీ చిన్నప్పటి నుంచి పిచ్చి ఇష్టమైన అమెరికన్ సీరియల్ 'సూపర్‌నేచురల్'. దెయ్యాలను, పిశాచాలను వేటాడుతూ ఊరూరా తిరిగే డీన్, శామ్ అనే అన్నదమ్ముల కథ అది. తమ్ముడు శామ్ 'జెర్క్' (వెధవ) అంటే అన్న డీన్ 'బిచ్' (ఆడవాళ్లను తిట్టే బూతు) అంటాడు. అది వాళ్ల మురిపెం. ఈ ఇంట్లోనూ అదే అలవాటైంది. అక్క మొదటి మాట అంటుంది, తమ్ముడు రెండోది అంటాడు, ఇద్దరూ పడీపడీ నవ్వుకుంటారు.

ఏడాదిన్నర కిందట వాళ్ల నాన్న పోయారు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా కుర్రాడి భుజం తట్టి, "మగాడివి, నువ్వే ఇలా అయిపోతే ఎలారా? ఇక ఇంటికి పెద్దదిక్కువి నువ్వే" అన్నారట. పదకొండో రోజు తర్వాత తమ్ముడి కళ్లలో నీళ్లు చూడలేదని రాసిందామె. నాన్న బైక్‌ను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వడు.

ఈమధ్య తన ప్రాజెక్ట్ బ్యాచ్‌లోని ఒకమ్మాయికి ఇష్టపడుతున్నానని చెప్పాడు. ఆమె మర్యాదగానే కుదరదంది. ఆ రాత్రి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒకడు "ఏడుస్తున్నావారా, గాజులు తొడుక్కో" అని ఎగతాళి చేశాడు. వెంటనే ఇతను ఆ అమ్మాయి ఫొటో పెట్టి, కింద డీన్ పిశాచాల మీద వాడే బూతుల్లాంటివి నాలుగు రాశాడు. నవ్వే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. తెల్లారేసరికి స్క్రీన్‌షాట్ ఆ అమ్మాయికి చేరింది, అటు తిరిగి ఈ అక్కకూ చేరింది. అమ్మాయి ప్రాజెక్ట్ ల్యాబ్‌కి రావడం మానేసింది.

అక్క నిలదీస్తే తమ్ముడు అన్నాడట: "డీన్ అంటే చప్పట్లు కొట్టావుగా అక్కా! నిన్ను రోజూ అంటూనే ఉన్నా, ఎప్పుడైనా బాధపడ్డావా?" అమ్మేమో "తండ్రి లేని పిల్లాడు, కోపంలో ఏదో వాగాడు, వదిలెయ్యవే" అంటోంది. ఇలాంటి హీరోని ఇన్నేళ్లు ఎలా ఇష్టపడ్డాను, వాణ్ని నేనే చెడగొట్టానా, సీరియల్ మాన్పించాలా, అసలు మాట ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి అని ఆమె అడుగుతోంది.

---

మీ తమ్ముడు వేసిన ప్రశ్న తెలివైనది. దానికి జవాబు దొరక్క మీరు నాకు రాశారని అర్థమవుతూనే ఉంది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మీ ఇద్దరి మధ్య ఆ మాట నడిచిందంటే కారణం, మీరిద్దరూ ఆటలో ఉన్నారు. మీరొకటంటారు, అతనొకటంటాడు. ఎవరికి చాలనిపిస్తే వాళ్లు ఆపేయొచ్చు. ఆ అమ్మాయి ఏ ఆటలోనూ లేదు. ఆమె చేసిందల్లా అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం. పైగా అక్కడ లేదు, తిరిగి అనలేదు, ఆపమనలేదు. ఇంట్లో నవ్వుకున్న మాట కదా అని బయట ఒక మనిషి ఫొటో కింద రాస్తే అది చేసేది వేరే పని. ఈ తేడా మీ తమ్ముడికి తెలియదని నేననుకోను. తెలుసు కాబట్టే తప్పించుకోవడానికి మిమ్మల్ని అడ్డం పెట్టుకున్నాడు.

అయితే అతని ప్రశ్నలో కొంత నిజం లేకపోలేదు. సీరియల్లో ఆ మాట ఇద్దరు మగవాళ్ల మధ్య నడుస్తుంది. మీ ఇంట్లో అది నిజంగా ఒక ఆడపిల్ల మీదే పడుతోంది. ఇన్నాళ్లూ మీకు పట్టలేదు, బాగానే ఉంది. ఇప్పుడు పడుతుంటే ఆపమనే హక్కు మీది. దానికి పెద్ద ఉపన్యాసమేమీ అక్కర్లేదు. "ఇకమీదట నన్ను ఆ మాట అనకురా, నాకు బాగాలేదు" అంటే చాలు. "అప్పుడు లేనిది ఇప్పుడెందుకు" అంటాడు. అప్పుడు స్క్రీన్‌షాట్ లేదు కదా అనండి.

ఇక డీన్ సంగతి. మీరు అతన్ని ఎందుకు ఇష్టపడ్డారో నాకు తెలుసు, నేనూ ఆ సీరియల్ చూసినదాన్నే. 2005 సెప్టెంబర్‌లో మొదలై 2020 నవంబర్ దాకా 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు నడిచిన కథలో మనిషిని పట్టి కూర్చోబెట్టేది పిశాచాలు కాదు, డీన్ మొహం. ఆ పాత్ర వేసిన జెన్సెన్ ఆకిల్స్ నోటితో ఒకటి చెబుతూ కళ్లతో ఇంకొకటి చెబుతాడు. మొదటి ఎపిసోడ్‌లోనే చూడండి. కనిపించకుండా పోయిన తండ్రి అంతకుముందు దిగిన మోటెల్ గదిలో ఉంటారు అన్నదమ్ములు. అమ్మానాన్నల గురించి ఇందాక నోరు జారాను, సారీ అంటాడు శామ్. అమ్మ ఎలా చనిపోయిందో ఇద్దరికీ తెలుసు. మంటల్లో, ఇంటి పైకప్పుకు అంటుకుని. అలాంటి చోట అన్న ఏమంటాడు? ఆడవాళ్ల సినిమాల్లోలాంటి సీన్లు మన మధ్య వద్దంటాడు. శామ్ నవ్వి జెర్క్ అంటాడు, డీన్ బిచ్ అంటాడు. మీ ఇంట్లో మురిపెంగా మారిన ఆ జంట మాట సీరియల్లో తొలిసారి పుట్టింది అక్కడే, ఒక క్షమాపణ నోరు మూయించడానికి. మాటలోని ప్రేమ నిజమే. చనిపోయిన తల్లి గురించి మాట్లాడకుండా తప్పించుకోవడమూ నిజమే. ఏడుపు, క్షమాపణ, తల్లిని తల్చుకోవడం, ఇవన్నీ ఆడవాళ్ల ఖాతాలో వేసేసి తలుపు వేసుకున్నాడు మనవాడు.

ఆ తలుపు వెనక ఏముందో సీరియల్ దాచలేదు, ఆ విషయంలో దానికి మార్కులు ఇవ్వాలి. మూడో సీజన్‌లో ఒక కల వస్తుంది. డీన్‌కి తనలాంటి ఇంకో డీనే ఎదురై, ఆ కారు మీ నాన్నది, ఆ తోలు జాకెట్ మీ నాన్నది, ఆ పాటలూ ఆయనవే, నీదంటూ ఏముందిరా అని దులిపేస్తాడు. రెండో సీజన్‌లో తండ్రి పోయాక "నేను బాగానే ఉన్నా" అంటూ తిరిగి, చివరికి తన చేతులతో తిరిగి కడుతున్న ఆ కారు డిక్కీనే ఇనప కడ్డీతో బాదుతాడు. పదహారేళ్లప్పుడు బ్రెడ్డూ పీనట్ బటరూ దొంగిలించి పట్టుబడితే, తండ్రి విడిపించకుండా వదిలేసిన సంగతి తొమ్మిదో సీజన్‌లో తెలుస్తుంది. ఇంత కరకు మనిషి దొంగచాటుగా డాక్టర్ల సీరియల్ చూస్తాడు. చూడనంటూనే, ఆ డాక్టర్ కౌబాయ్ బూట్లు వేసుకోవాలి, నువ్వు వేసుకున్నవి టెన్నిస్ షూస్, నువ్వు ఆయన కాదు అని మోసగాణ్ని పట్టేస్తాడు కూడా. మీరు ప్రేమించింది ఈ డీన్‌ని. దానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

మరి బూతుల సంగతి? అక్కడ సీరియల్ చేసిన పని నాకు నచ్చదు. డీన్ బాధకు లెక్క చెబుతుంది గానీ, అతని నోటికి లెక్క అడగదు. పిశాచానికి ఆడా మగా తేడా ఏముంటుంది? అది ఏ మనిషి ఒంట్లో దూరితే ఆ మనిషిలా కనిపిస్తుంది, అంతే. అయినా ఆడ ఒంట్లో ఉన్న మెగ్‌కీ రూబీకీ పడే తిట్లు వేరు, మగ ఒంట్లో ఉన్నవాటికి పడేవి వేరు. మగ పిశాచాన్ని తిట్టినా చివరికి దాని తల్లినే తిడతాడు. ఎదుటిది పిశాచం కాబట్టి ఏమన్నా చెల్లుతుంది, మనకూ నవ్వొస్తుంది. అందులో పడ్డాం మనమంతా. మీరొక్కరే చప్పట్లు కొట్టలేదు.

దీనికి మందు కూడా ఆ సీరియల్లోనే ఉంది, మీ తమ్ముడితో కలిసి చూడమని నేను చెప్పేది అదే. నాలుగో సీజన్ రెండో ఎపిసోడ్. మెగ్ అనే పిశాచం ఆవహించిన ఒంట్లో అసలు మెగ్ మాస్టర్స్ అనే కాలేజీ అమ్మాయి ఉండేదని, పిశాచాన్ని వదిలించాక ఆమె చచ్చిపోయిందని మొదటి సీజన్ చివర్లో చూశాం. నాలుగో సీజన్‌లో ఆమె ఆత్మ తిరిగొస్తుంది. నా దారిన నేను నడిచిపోతున్న మామూలు పిల్లని, ఆ పిశాచం నన్ను పట్టుకుంది, లోపల నేను మెలకువగానే ఉన్నాను, లోపలొక అమ్మాయి ఉందని నీకెప్పుడైనా తట్టిందా అని డీన్‌ని నిలదీస్తుంది. నేను పోయిన దిగులుతో మా చెల్లెలు ప్రాణం తీసుకుందని చెబుతుంది. ఎప్పుడూ ఎదురుజవాబు చెప్పే డీన్‌ దగ్గర ఆమెకు జవాబు ఉండదు. ఆ సీన్ చూశాక మీరేమీ వ్యాఖ్యానం చేయకండి. ఫొటో కింద రాసిన మనిషికి ఎవరి గురించి చెబుతున్నారో తెలియకపోదు.

అలా చూడటంలో చిక్కు కూడా ఉంది. అతను "అది కథక్కా, అతిగా ఆలోచించకు" అని లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి. లేదా ఆ సీన్ నుంచి నాన్న సంగతిలోకి మాట మళ్లి, ఏడాదిన్నరగా ఆగిన ఏడుపు అప్పుడు రావచ్చు. రావడం మంచిదే. కానీ అక్కడ మీరు ఒక జాగ్రత్త పడాలి. ఈ ఉత్తరమంతటిలో నాకు టెన్షన్ పుట్టించిన చోటు అదే. ఏడ్చాడు కదా, పాపం నాన్న లేని బాధలో అన్నాడు కదా అని ఆ మెసేజ్ సంగతి అక్కడితో కొట్టుకుపోకూడదు. మీ అమ్మగారు ఇప్పటికే అటే నడుస్తున్నారు. నాన్న పోయిన బాధ నాన్న పోయిన బాధే. ఆ అమ్మాయికి జరిగింది ఆ అమ్మాయికి జరిగిందే. ఒకదానితో ఇంకోటి చెల్లు కాదు. అందుకే నా మాట వింటే, మెసేజ్ సంగతి ముందు తేల్చండి, సీరియల్ ముందు కూర్చోవడం తర్వాత.

మెసేజ్ విషయంలో మీ ముందు రెండు మూడు దారులున్నాయి. మొదటిది, ఏమీ చేయకుండా ఊరుకోవడం. ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది. ఆ అమ్మాయి ల్యాబ్‌కి రాకుండా మార్కులు పోగొట్టుకుంటుంది, మీ తమ్ముడికి "ఇది నడుస్తుంది" అని తెలిసిపోతుంది. రెండోది, మీరే ఆ గ్రూపులోనో, ఆ అమ్మాయికో రాసి క్షమాపణ చెప్పడం. మనసుకు ఊరటగా ఉంటుంది గానీ, తప్పు ఒకరిది, క్షమాపణ ఇంకొకరిది అవుతుంది. 21 ఏళ్లవాడికి అక్క వచ్చి నోరు కడిగితే, గ్రూపులో రేపు ఇంకో గాజుల జోకు పుడుతుంది, దాన్ని కప్పుకోవడానికి ఇంకో బూతు. ఆ రాత్రి జరిగిందే మళ్లీ గమనించండి. మొదట వాణ్ని ఆడపిల్లతో పోల్చి ఎగతాళి చేశారు. నేను కాదని నిరూపించుకోవడానికి చేతికందిన ఆడపిల్లని తిట్టాడు. డీన్ చేసేదీ అదే, కాకపోతే ఎదురుగా తుపాకీతో పేల్చడానికి పిశాచం ఉంటుంది.

మూడోది కష్టమైనది. ఏ గ్రూపులో రాశాడో అదే గ్రూపులో వెనక్కి తీసుకోమనడం. ఫొటో తీసేసి, "నేను రాసింది తప్పు, ఆమె చేసినదాంట్లో తప్పేమీ లేదు, స్క్రీన్‌షాట్లు ఎవరి దగ్గరున్నా తీసేయండి" అని రెండు ముక్కలు. సాకులు ఉండకూడదు, నాన్న ప్రసక్తి అసలే రాకూడదు. నవ్వుతారు. ఒకరిద్దరు తర్వాత విడిగా "బాగా చేశావురా" అని మెసేజ్ పెట్టినా పెట్టొచ్చు, గ్రూపులో మాత్రం అనరు. ఆ నవ్వును భరించమని మీరు అడుగుతున్నారు, అది చిన్న పనేమీ కాదు, ఆ సంగతి మీరు గుర్తించినట్టు అతనికి తెలియనివ్వండి. "కష్టంగా ఉంటుందని తెలుసురా, అందుకే పక్కన కూర్చుంటా, నువ్వే టైప్ చెయ్యి" అనండి. ఒప్పుకోకపోతే అరవకండి. "సరే, నీ నిర్ణయం నీది. నేను మాత్రం దీన్ని జోకుగా తీసుకోను, మన పాత ఆట కూడా ఆపేస్తున్నా" అని చెప్పి లేవండి. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అంతకుమించి మీకు నష్టమేమీ లేదు.

ప్రాజెక్ట్ బ్యాచ్ విషయంలో మారాల్సింది అతను. ఆమె ఎందుకు మారాలి? గైడ్ దగ్గరికి తనే వెళ్లి, నా వల్ల ఇబ్బంది వచ్చింది, నన్ను వేరే బ్యాచ్‌లో వేయండి అని అడగమనండి. గైడ్ కారణం అడుగుతారు, చెప్పాల్సి వస్తుంది, తిట్లు పడతాయి. పడనివ్వండి. ఇంకోటి కూడా మీకు తెలిసి ఉండాలి. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం కాలేజీల్లో లైంగిక వేధింపులపై ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలి. ఆ అమ్మాయి అక్కడికి వెళ్తే అది ఆమె హక్కు. వెళ్లొద్దని ఆమెకు గానీ, వాళ్లవాళ్లకు గానీ కబురు పెట్టకండి, మీ అమ్మగారిని పెట్టనివ్వకండి. "మా వాడి కెరీర్" అనే మాట ఆ ఇంటి గుమ్మం తొక్కకూడదు.

మీ అమ్మగారితో వాదించి గెలవాలని చూడకండి. ఆమె భయం వేరు. మగదిక్కు పోయిన ఇంట్లో మిగిలిన మగపిల్లాడు చేజారిపోతాడేమోనని. ఆ స్క్రీన్‌షాట్ ఆమెకు చదివి వినిపించండి, తెలుగులో, ఒక్కసారి. ఆ అమ్మాయి చోట మిమ్మల్ని పెట్టుకుని చూడమనండి. అప్పటికీ వదిలెయ్యమంటే, "సరే అమ్మా, నేను వదలను, నువ్వు అడ్డురాకు" అంటే చాలు.

వాణ్ని మీరు చెడగొట్టారా? లేదు. దుఃఖాన్ని దాచుకోమని ఆ పదకొండు రోజుల్లో భుజం తట్టి నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లెవరూ 'సూపర్‌నేచురల్' చూసి ఉండరు. సీరియల్ వాడికి అందించింది కొన్ని డైలాగులు. సీరియల్ మాన్పించడం మీకు తేలికైన పని, కానీ దానివల్ల వాడు మీ దగ్గర కూర్చునే ఆ గంట కూడా పోతుంది. నాన్న గురించి మాట రావడానికి మీ ఇద్దరికీ మిగిలిన చోటు బహుశా అదొక్కటే. నేనైతే మాన్పించను. కాకపోతే చివరి సీజన్ దాకా ఎప్పుడైనా మళ్లీ చూడండి, మీకే తెలుస్తుంది. ఇలాంటి సీన్లు వద్దన్న డీన్, చనిపోయే ముందు ఒక పాత కొట్టంలో శామ్ చెయ్యి పట్టుకుని ఇన్నేళ్లు చెప్పనివన్నీ చెబుతాడు. అది చూసి మనం కన్నీళ్లు పెట్టుకుంటాం. నాకు మాత్రం కోపం కూడా వచ్చింది. ఒక మగాడు తమ్ముడితో ప్రేమగా మాట్లాడాలంటే 15 సీజన్లు ఆగి, వీపులో ఇనప చువ్వ దిగాలా అని.

మీ తమ్ముడి విషయంలో మెసేజ్ సంగతి తేలాక, వేరే రోజు, వేరే వేళ నాన్న ఊసెత్తండి. "నువ్వు ఏడవట్లేదేంటి" అని అడిగితే పారిపోతాడు. బైక్ మీద వెనక కూర్చుని ఎక్కడికైనా తీసుకెళ్లమనండి, మొహం ఎదురుగా లేనప్పుడు మాట వస్తుంది. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, బతికి ఏం లాభం లాంటి మాటలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. మానసిక సమస్యలకు కేంద్ర ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి 14416లో ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆ అమ్మాయికి మీరు మెసేజ్ పెట్టాలా అని ఉత్తరం చివర్లో అడిగారు. ఒక్కటి పెట్టొచ్చు, అదీ స్క్రీన్‌షాట్ మీకు పంపిన స్నేహితురాలి ద్వారా, ఆమె సరేనంటేనే. "జరిగింది నాకు తెలిసింది, దాన్ని నేను సమర్థించను, కమిటీకి వెళ్లినా నా వైపు నుంచి అడ్డు రాదు" అని. తమ్ముడి మంచితనం గురించి అందులో ఒక్క ముక్క ఉండకూడదు. జవాబు రాకపోతే ఇంకోటి పెట్టకండి.